మాటలు రాని పిల్లవాడిలో దేవుని స్వరూపం ఎక్కడ ఉంది?

ఓరుగల్లు అక్క (హన్మకొండ)

అందరికీ వందనాలు. మా అన్నయ్య కొడుకుకి పద్నాలుగేళ్లు. డౌన్ సిండ్రోమ్ ఉంది. మాటలు చాలా తక్కువ, అవి కూడా ఇంట్లో వాళ్లకే అర్థమవుతాయి. ఈ ఏడాది మా సంఘంలో వాడి ఈడు పిల్లలకు కన్ఫర్మేషన్ తరగతులు మొదలయ్యాయి. కన్ఫర్మేషన్ అంటే పిల్లలు తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం. అది అయ్యాకే ప్రభు బల్ల, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, గిన్నె, అందుకుంటారు. వాడిని కూడా చేర్చుకోమని వదిన అడిగితే సంఘ పెద్ద ఒకరు ఇలా అన్నారు: "విశ్వాస ప్రమాణం అప్పజెప్పలేని పిల్లవాడికి ప్రభు బల్ల ఎలా ఇస్తామమ్మా? దేవుడు తన స్వరూపంలో మనిషిని చేశాడంటే వివేకం ఇచ్చాడనే కదా. పశువుకీ మనకీ తేడా అదే." ఆయన చెడ్డ మనిషి కాదు. మా కుటుంబానికి ఎన్నోసార్లు అండగా నిలిచారు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి వదిన గుడికి రావడం మానేసింది.

వాడి గురించి ఒక్కటి చెప్తాను. ఆరాధన అయిపోగానే చాపలు చుట్టేది వాడే. ఒక్కో చాపను మోకాలితో నొక్కిపట్టి, అంచులు సమంగా వచ్చేదాకా విప్పి మళ్లీ చుడతాడు. తర్వాత గుమ్మం దగ్గర చెప్పుల గుట్టలోంచి ముసలమ్మల చెప్పులు వెతికి, జత కలిపి వాళ్ల కాళ్ల ముందు పెడతాడు. ఎవరి చెప్పులు ఎవరివో వాడు ఎప్పుడూ తప్పలేదు.

నా ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం, అందులో మొదటి అధ్యాయంలోని ఆ స్వరూపం వాడిలో ఉందా, లేదా? ఉంటే ఎక్కడ ఉంది?

తత్త్వశాస్త్రం సారు (కాజీపేట)

ఉంది. అయితే ఆ పెద్దాయన మాట ఊరికే పుట్టింది కాదమ్మా, దాని వెనక పదిహేను వందల ఏళ్ల ఆలోచన ఉంది. క్రైస్తవ వేదాంతి అగస్టీను (354–430) మనిషి మనసులోని జ్ఞాపకం, గ్రహింపు, సంకల్పం అనే మూడింటిలో త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) ఛాయను చూశాడు. 13వ శతాబ్దంలో ఇంకో వేదాంతి థామస్ అక్వినాస్ కూడా స్వరూపాన్ని బుద్ధిలోనే ఉంచాడు. పశ్చిమ దేశాల సంఘం చాలాకాలం ఈ దారినే నడిచింది. మన దగ్గరికి వచ్చిన బోధ కూడా ఎక్కువగా అదే.

కానీ అక్వినాస్‌ను సగమే చదివి ఆపేయకూడదు. ఆయన స్వరూపానికి మూడు మెట్లు చెప్పాడు. దేవుణ్ణి తెలుసుకుని ప్రేమించడానికి మనిషి స్వభావంలోనే ఉన్న యోగ్యత మొదటిది. కృప వల్ల నిజంగా ప్రేమించడం రెండోది. పరలోక మహిమలో ఆ ప్రేమ నిండటం మూడోది. మొదటిది మనుషులందరిలో ఉందని ఆయనే రాశాడు. ఆ యోగ్యత ఎవరిలో ఎంత బయటపడింది అన్నది వేరే ప్రశ్న. బుద్ధి వాదాన్ని దాని పెద్ద గురువు చెప్పినట్టే చెప్పుకున్నా మీ అల్లుడిని బయట పెట్టడానికి వీలు లేదు.

ఇంత చెప్పినా ఆ వాదంతో నాకు తృప్తి లేదు. స్వరూపం బుద్ధిలో ఉందన్నాక, బుద్ధి ఎక్కువ ఉన్నవాడిలో స్వరూపం కూడా ఎక్కువని ఎవరో ఒకరు అననే అంటారు. చరిత్రలో అన్నారు కూడా. ఆడవాళ్ల గురించి, బానిసల గురించి, నల్లవాళ్ల గురించి అన్నారు.

జగిత్యాల సేవకుడు

ప్రభువు నామంలో వందనాలు. అసలు విషయం పక్కకు పోతోంది. ఆదాము పాపం చేసినప్పుడే ఆ స్వరూపం పోయింది. ఇప్పుడు అది క్రీస్తులో మాత్రమే ఉంది. "అదృశ్యదేవుని స్వరూపి" అని కొలొస్సయులకు రాసిన పత్రిక ఆయన గురించే చెప్తోంది. నూతన స్వభావం ధరించుకున్నవాడిలో ఆ పోలిక తిరిగి వస్తుందని అదే పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. కాబట్టి బుద్ధి ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, రక్షణ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఆ పిల్లవాడిని ప్రభువు ప్రేమిస్తాడు, అందులో సందేహం లేదు.

డోర్నకల్ మనవడు

సేవకుడు అన్నా, క్రీస్తు గురించి మీరు చెప్పింది సరే. కానీ స్వరూపం పోయిందని వాక్యం ఎక్కడ చెప్పింది? ఆదాము పాపం చేసింది మూడో అధ్యాయంలో. అయిదో అధ్యాయం తెరవండి. దేవుడు మనిషిని తన పోలికగా చేశాడని మళ్లీ గుర్తు చేసి, ఆదాము తన పోలికగా షేతును కన్నాడని ఆ వెంటనే చెప్తుంది. తొమ్మిదో అధ్యాయం జలప్రళయం తర్వాతిది. లోకం ఎంత చెడిపోయిందో దేవుడు చూసేశాడు. అయినా హత్య ఎందుకు చేయకూడదో నోవహుకు చెప్పేటప్పుడు ఆయన ఇచ్చిన కారణం ఇదే: "ఏలయనగా దేవుడు తన స్వరూపమందు నరుని చేసెను." చచ్చిపోయినవాడు నీతిమంతుడా, రక్షణ పొందినవాడా అని అక్కడ అడగలేదు. కొత్త నిబంధనలో యాకోబు కూడా అదే పట్టుకున్నాడు. ఏ నాలుకతో తండ్రిని స్తుతిస్తామో అదే నాలుకతో దేవుని పోలికగా పుట్టిన మనుషుల్ని శపిస్తున్నాం, ఇలా ఉండకూడదు అన్నాడు. మనం తిట్టేది మారుమనసు పొందినవాళ్లనే కాదు కదా.

ఓరుగల్లు కోటలో స్వయంభూ ఆలయం శిథిలాలు చూసే ఉంటారు. చేతులు విరిగి, ముఖాలు చెదిరి పడి ఉన్న శిల్పాలను చూసి ఇవి కాకతీయులవి కావని ఎవరూ అనరు.

ఇప్పుడు అక్క ప్రశ్నకు వస్తాను. ఆదికాండం పుట్టిన నేల మీద 'దేవుని ప్రతిమ' అన్న మాట ఎవరికి వాడేవారో చూడాలి. ఈజిప్టులో ఫరోను దేవుడి సజీవ ప్రతిమ అని కీర్తించేవారు. అసీరియా రాజుకు ఆస్థాన పండితులు రాసిన ఉత్తరాల్లో కూడా రాజు దేవుడి ప్రతిమే. అంటే అది రాజు బిరుదు. మరి మామూలు మనిషి ఎవరు? బాబిలోను సృష్టి కథల్లో దేవతలకు పని భారమైంది. ఆ చాకిరీ మోయడానికి మనుషుల్ని చేశారు.

ఈ రెండూ కలిపితే ఏ లోకం కనిపిస్తుందో తెలంగాణ వాళ్లకు వేరే చెప్పాలా? గడీలో దొర, గడీ బయట వెట్టి. బట్టలు ఉతికేవారు, కుండలు చేసేవారు, తోలు పని చేసేవారు, అందరి రెక్కలూ దొరవే. "బాంచన్, నీ కాల్మొక్త" అన్నది మా తాతల తరానికి పలకరింపు. అలాంటి లోకంలో ఆదికాండం రాజు బిరుదును తీసుకుని "స్త్రీనిగాను పురుషునిగాను" అంటూ అందరి తల మీదా పెట్టింది. ఆ బిరుదుకు పరీక్ష పెట్టలేదు. ఏం చేయగలడు, ఎంత చదవగలడు అని లెక్క కట్టలేదు.

మా తాత వాళ్ల వాడకు ఈ మాట చేరింది బిషప్ అజరయ్య కాలంలో. 1912లో డోర్నకల్ బిషప్ అయిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని అడిగిన మనిషి. సమానంగా కూర్చోబెట్టని ప్రేమ ఆయనకు సరిపోలేదు. ఆయన పని ఎక్కువగా మాల మాదిగ పల్లెల్లోనే సాగింది. 1939లో ప్రతిష్ఠ చేసిన ఆయన కతీడ్రల్‌ను ఎప్పుడైనా వెళ్లి చూడండి. గుమ్మటాలు మసీదును గుర్తు చేస్తాయి, స్తంభాలు దేవాలయాన్ని గుర్తు చేస్తాయి. ఊరి బావి దగ్గరికి రానివ్వని వాళ్లు అందులో తలెత్తుకుని నడిచారు.

అక్కా, మీ అల్లుడిలో స్వరూపం ఎక్కడ ఉందని అడిగారు. ఎక్కడో ఒక మూల ఉందనుకోవడమే తప్పుదారి అని నాకు అనిపిస్తుంది. అది వాడి లోపల దాచిన వస్తువు కాదు. ఈ మనిషి నా వాడు, నా తరఫున ఈ నేల మీద నిలబడ్డవాడు అని దేవుడు వాడి గురించి చెప్పిన మాట అది.

మానేరు తీరం (కరీంనగర్)

అస్సలాము అలైకుమ్. నేను ముస్లింను, ఈ చర్చ చదువుతుంటే రాయాలనిపించింది. అల్లాహ్‌కు పోలినది ఏదీ లేదని ఖురాన్ 42వ సూరాలో స్పష్టంగా ఉంది. అందుకే స్వరూపం అన్న మాట దగ్గర మేము చాలా జాగ్రత్తగా ఉంటాం. కానీ ప్రవక్త మాటల సంకలనం సహీహ్ ముస్లింలో ఒక హదీసు (ప్రవక్త మాట) ఉంది. మీలో ఎవరైనా తన సోదరుడితో పోట్లాడితే ముఖం మీద కొట్టకండి, ఎందుకంటే అల్లాహ్ ఆదమును తన రూపంలో సృష్టించాడు అని. దీని భావం గురించి మా పండితులు శతాబ్దాలుగా రకరకాలుగా చెప్పారు. భావం ఏదైనా ఆజ్ఞ మాత్రం అందరికీ అర్థమయ్యేదే, ఎదుటివాడి ముఖం మీద చెయ్యి వేయకు.

17వ సూరాలో "ఆదం సంతతికి మేము గౌరవం ఇచ్చాము" అని ఉంది. సంతతికి అంటే పుట్టిన ప్రతి ఒక్కరికీ. అక్కా, మీ అల్లుడికి కూడా.

గోదారి గట్టు (మంథని)

నమస్కారం. మా ఊళ్లో వేదం చదువుకున్న ఇళ్లు ఎక్కువ, నేను పెరిగింది ఆ వాతావరణంలో. నా సందేహం మనసులో ఉన్నది ఉన్నట్టు అడుగుతున్నాను. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు "తత్త్వమసి" అని చెప్పాడు. అది నీవే అన్నాడు కానీ దానిలా ఉన్నావు అనలేదు. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అంటే ఈ పిల్లవాడి ప్రశ్న పుట్టనే పుట్టదు కదా? పైగా మీ మాటలో మనిషి ఒక్కడికే స్థానం ఉంది. ఆవుకు, చీమకు, చెట్టుకు ఏమీ లేదా?

తత్త్వశాస్త్రం సారు (కాజీపేట)

మంచి ప్రశ్న అండి. బైబిల్ దృష్టిలో చేసినవాడు వేరు, చేయబడినవాడు వేరు. మనిషి నేలమట్టి, అందులో దేవుడు ఊదిన ఊపిరి ఉంది. ఆ దూరం ఉండటమే ఆ నమ్మకంలో ప్రాణం. ఎదుటి మనిషి నేను కాదు, నాలో కలిసిపోడు, అయినా నేను అతడికి జవాబు చెప్పుకోవాలి. మీ మాటలో ఎదుటివాడు నేనే కాబట్టి ప్రేమిస్తాను. ఇక్కడ ఎదుటివాడు నేను కాకపోయినా ప్రేమించాలి. ఈ తేడా చిన్నదని నేను అనుకోను.

ఆచరణ దగ్గరికి వస్తే మాత్రం ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపే పరిస్థితి లేదు. ఒకే ఆత్మ అని చదివిన ఊళ్లలో అంటరానితనం ఉంది. ఒకే స్వరూపం అని చదివిన సంఘాల్లో కులానికో శ్మశానం ఉన్న చోట్లూ ఉన్నాయి. ఇది చెప్పకుండా స్వరూపం గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

ఖని కార్మికుడు (గోదావరిఖని)

మంథని గారు చెట్టు గురించి అడిగారు. అదే అధ్యాయంలో "ఏలుదురుగాక" అని కూడా ఉంది. భూమిని ఎంతైనా తవ్వుకోవచ్చు, దేవుడే ఇచ్చాడు అనేవాళ్లను చూశాను. ఓపెన్ కాస్ట్ గుంత అంచున నిలబడి చూస్తే ఆ ఏలుబడి ఏమిటో తెలుస్తుంది. కానీ రెండో అధ్యాయంలో మనిషిని తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచడానికి, కాయడానికి. రాజు తరఫున ఊరికి వచ్చినవాడు ఊరిని తగలబెడితే రాజు ఊరుకుంటాడా? ఇంతకంటే చెప్పను, అక్క ప్రశ్న వేరు.

ములుగు దారి

మేడారంలో మనిషి రూపంలో విగ్రహం ఉండదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. గద్దెల మీద వెదురు ఉంటుంది. మా ఇంట్లో సగం మంది జాతరకు పోతారు, సగం మంది చర్చికి పోతారు. నిర్గమకాండంలో విగ్రహం చేసుకోవద్దని ఎందుకు చెప్పాడో నేను చాలాకాలం ఆలోచించాను. దేవుడు తన ప్రతిమను ముందే చేసి పెట్టాడు, అది మన మధ్యనే నడుస్తోంది. అన్నం అడిగితే దానికే పెట్టాలి. నాకు అర్థమైంది ఇంతే.

ఇందూరు నర్సు (నిజామాబాద్)

అందరి మాటలూ చదివాను. నేను వేదాంతం చదువుకోలేదు, కుష్ఠు రోగుల పుళ్లకు కట్లు కట్టిన మనిషిని. డిచ్‌పల్లి గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది నర్సాగౌడ్ అనే హిందువు. ఆ రోజుల్లో ఈ రోగానికి సరైన మందే లేదు, చాల్‌మొగ్రా నూనె సూదులు వేసేవారు. రోగులను ఊరి బయట పారేసే కాలం అది.

ఈ రోగం ముందు నరాలను చంపుతుంది. స్పర్శ పోతుంది. కాలిలో ముల్లు దిగినా, వేడి గిన్నె చేతిని కాల్చినా తెలియదు. అలా పుళ్లు పడి, ఎముక కరిగి, వేళ్లు పొట్టివైపోతాయి. కొందరికి కనుబొమలు రాలిపోతాయి, ముక్కు దిగిపోతుంది, ముఖం చర్మం దళసరిగా ముడతలు పడుతుంది. ఇప్పుడు మందులతో ఆరు నెలలకో ఏడాదికో పూర్తిగా నయమవుతుంది. కానీ పోయిన ముఖం తిరిగి రాదు. రోగం లేకపోయినా ఆ ముఖం చూసి హోటల్లో గాజు గ్లాసు ఇవ్వరు.

మందు అయిపోయిన ఒక పెద్దమ్మ కట్టు కట్టించుకోవడానికి వచ్చేది. కట్టు కడుతున్నంతసేపూ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేది. నొప్పి తెలియని కాలు కాబట్టి నేను ఎంత గట్టిగా తుడిచినా కదిలేది కాదు, కొంగు కొంచెం జారితే మాత్రం ఉలిక్కిపడేది. ఒకసారి నేను తల ఎత్తి "పెద్దమ్మా, అన్నం తిన్నావా?" అని నేరుగా ముఖంలోకి చూసి అడిగాను. ఆమె కొంగు తీసేసింది. ఏం కూర వండుకుందో చెప్పింది.

బుద్ధిలో స్వరూపం ఉందంటే మతి చెడిన ముసలివాళ్లలో ఉండదు. రూపంలో ఉందంటే మా రోగుల్లో ఉండదు. పనిలో ఉందంటే మంచం పట్టినవాళ్లలో ఉండదు. ఏదో ఒక గుణానికి ముడిపెట్టిన ప్రతిసారీ మా వార్డులో ఒక మంచం ఖాళీ చేయాల్సి వస్తుంది. అందుకని డోర్నకల్ తమ్ముడు చెప్పినదే నా మనసుకు పట్టింది. అది దేవుడు చెప్పిన మాట. మనం చేయగలిగింది ఆ మాటను నమ్మి, ముఖంలోకి చూడటమే.

జగిత్యాల సేవకుడు

అమ్మా, మీ సేవకు ప్రభువుకు స్తోత్రం. ఆదికాండం తొమ్మిది గురించి డోర్నకల్ తమ్ముడు చెప్పినది మళ్లీ చదివాను, దాన్ని కాదనను. అయితే క్రీస్తులో అది నిండుతుందన్న నా మాట కూడా వదులుకోను. రెండూ వాక్యమే. ఆ పిల్లవాడిని బల్ల దగ్గరికి తేవాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని పౌలు రాశాడు కదా. పరీక్షించుకోలేని పిల్లవాడికి ఇవ్వడం సరైనదేనా? ఆ పెద్దాయన మనసులో ఉన్నది కూడా ఇదే అయ్యుండాలి.

పాకాల అయ్యగారు (నర్సంపేట)

సేవకుడు గారు పట్టుకున్నది సరైన వచనం. అయితే ఆ అధ్యాయాన్ని కొంచెం పైనుంచి చదవాలి. కొరింథులో ఏం జరిగిందని పౌలుకు కోపం వచ్చింది? ఉన్నవాళ్లు ముందుగా వచ్చి తమ భోజనం తాము తినేస్తున్నారు. లేనివాళ్లు వచ్చేసరికి ఏమీ మిగలడం లేదు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. పేదలను సిగ్గుపరుస్తారా అని మందలించి, ఆ తర్వాతే పరీక్షించుకోండి అన్నాడు. చివర్లో ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. ఆ పరీక్షలో తప్పినవాళ్లు ప్రమాణం అప్పజెప్పలేనివాళ్లు కారు, పక్కవాడిని బల్ల దగ్గర లెక్కచేయనివాళ్లు.

తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాల్లో బాప్తిస్మం పొందిన చంటిపిల్లలకు కూడా ప్రభు బల్ల సంస్కారం ఇస్తారు. కేరళలో మన ఆర్థడాక్స్ సోదరులు కూడా ఇస్తున్నారు. కతోలిక సంఘంలో 1910లో పదో పయస్ పోపు చిన్నపిల్లల విషయంలో నియమం సడలించాడు. మామూలు రొట్టెకూ ఈ రొట్టెకూ తేడా తెలిస్తే చాలన్నాడు, వేదాంతం అంతా అర్థం కావాలనలేదు. మన సంఘాల్లో కన్ఫర్మేషన్ ముందుండాలన్న క్రమం ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ కన్ఫర్మేషన్‌లో పిల్లవాడు చేసేది ఏమిటి? నేను ప్రభువు వాణ్ణని సంఘం ముందు ఒప్పుకోవడం. నోటితో ఒప్పుకోలేనివాడు ఇంకో విధంగా ఒప్పుకుంటాడు.

మా సంఘంలో ఇలాంటి అమ్మాయి ఒకతె ఉంది. ప్రశ్నలకు జవాబుగా ఆమె తన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. మా పెద్దలు కొందరు ముందు ఒప్పుకోలేదు. చర్చ కొన్ని నెలలు సాగింది. పద్యాలు అప్పజెప్పినట్టు ప్రమాణం చెప్పి, మరుసటి ఆదివారం నుంచి కనిపించని పిల్లల సంగతి కూడా ఆ చర్చలో వచ్చింది. చివరికి ఆమెకు సంస్కారం ఇచ్చాం. ఇప్పుడు ఆమె వరుసలో ముందు నిలబడుతుంది.

మానేరు తీరం (కరీంనగర్)

మా దగ్గర కూడా ఇలాంటి పిల్లలకు నమాజు విధి కాదంటారు, వాళ్ల మీద లెక్క ఉండదు. కానీ మసీదులోకి వస్తే వరుసలోంచి తప్పించకూడదని మా నాన్నగారు గట్టిగా చెప్పేవారు. విధి లేకపోవడం, చోటు లేకపోవడం ఒకటి కాదు అయ్యగారూ. మీరు చెప్పింది నాకు అర్థమైంది.

ఓరుగల్లు అక్క (హన్మకొండ)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి ఇదంతా వదినకు చదివి వినిపించాను. నర్సమ్మ గారు రాసిన పెద్దమ్మ మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. డోర్నకల్ తమ్ముడు చెప్పిన ఆదికాండం తొమ్మిదో అధ్యాయం, అయ్యగారు చెప్పిన కొరింథు పత్రిక పదకొండో అధ్యాయం, ఈ రెండూ పట్టుకుని ఆ పెద్దాయన ఇంటికే వెళ్తాను. పోట్లాటకు కాదు, ఆయనతో కూర్చుని చదవడానికి. వింటారనే నా నమ్మకం. అయ్యగారూ, తరగతిలో చేర్చుకోవడానికి ఒప్పుకుంటే వాడికి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి? మా టీచర్లకు ఇది కొత్త.

పాకాల అయ్యగారు (నర్సంపేట)

పుస్తకంతో మొదలుపెట్టకండమ్మా. పరలోక ప్రార్థనను చేతి సైగలతో నేర్పండి, వారానికి ఒక్క వాక్యం చాలు. మిగతా పిల్లలతో కలిపే కూర్చోబెట్టండి, విడిగా వద్దు. పక్కన రోజూ అదే స్నేహితుడు ఉండేలా చూడండి, ముఖాలు మారితే ఇలాంటి పిల్లలు కంగారు పడతారు. రొట్టె, గిన్నె ముందుగానే చేతికిచ్చి చూపించండి, ఆ రోజు కొత్తగా ఉండకూడదు. గొంతు చిన్నగా ఉండే పిల్లలైతే రొట్టె చిన్న ముక్క చేసి ఇవ్వాలని మీ అయ్యగారికి చెప్పండి. పెద్దాయన దగ్గరికి వెళ్లేటప్పుడు పిల్లవాడిని కూడా వెంట తీసుకెళ్లండి. ఏ రోజు వెళ్తున్నారో ఇక్కడ రాయండి, కావాలంటే నేనూ వస్తాను. నర్సంపేట నుంచి గంట ప్రయాణమే.